వర్క్‌షాపులకు డబ్బుంది, సీటుకు లేదు

అంతర్జాతీయ పర్యావరణ సంస్థలో క్లైమేట్ ప్రోగ్రామ్స్ కోఆర్డినేటర్ అనగానే చాలామంది ఊహించుకునేది కాప్ సమావేశాలు (ఐక్యరాజ్యసమితి ఏటా జరిపే క్లైమేట్ సదస్సులు), మెడలో బ్యాడ్జి, మంత్రులతో మీటింగులు. అవి లేవని కాదు, జూన్‌లో జర్మనీలోని బాన్‌లో కొన్ని రోజులు, నవంబర్‌లో కాప్ జరిగే ఊళ్లో కొన్ని రోజులు, అంతే. మిగతా ఏడాదంతా మేం చేసేది వేరే. ఒకే పని గురించి డబ్బిచ్చే ఐదుగురు డోనర్లకు ఐదు రకాల ఫార్మాట్లలో రిపోర్టులు వెళ్లేలా చూడటం, ఒక కంట్రీ ఆఫీసుకి ఒకే వారంలో మూడు మిషన్లు (పని చూడటానికి వెళ్లే బృందాలు) వెళ్లకుండా ఆపడం, ఆగకపోతే కనీసం మూడూ ఒకే కారులో తిరిగేలా ఒప్పించడం, లాగ్‌ఫ్రేమ్‌లో, అంటే ప్రాజెక్టు లక్ష్యాలు, కొలతలు రాసుకునే పట్టికలో, ఒకరు హెక్టార్లు ఇంకొకరు కిలోమీటర్లు రాస్తే కూర్చుని కలపడం.

ఈ పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను కాబట్టి నా ఉద్యోగానికే చేటు తెచ్చే మాట ఒకటి చెప్తాను. కోఆర్డినేషన్ మీద మేం పెట్టే డబ్బులో చాలా భాగం తప్పు చోట పెడుతున్నాం. హెడ్ ఆఫీసులో నాలాంటి వాళ్లను పెంచుకుంటూ పోతున్నాం, నిజంగా పనులన్నీ వచ్చి కలిసేది ఒక దేశంలో, ఒక ప్రభుత్వ శాఖలో, ఒక సీటులో. ప్రాజెక్టు మూతపడినా ఆ సీటులో మనిషి ఉంటే ప్రోగ్రామ్ బతుకుతుంది, లేకపోతే మేమెన్ని కాల్స్ పెట్టినా అది పవర్‌పాయింట్‌లోనే బతుకుతుంది. ఆ సీటుకి జీతం ఇవ్వడానికి మాత్రం దాదాపు ఏ ఫండూ ముందుకు రాదు.

ముందు డబ్బు ఎక్కడెక్కడ ఉందో చూడండి. క్లైమేట్ కన్వెన్షన్ (ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం) సెక్రటేరియట్ బాన్‌లో. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం యూఎన్ఈపీ నైరోబీలో. 1991లో మొదలైన గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ వాషింగ్టన్‌లో, మారే వాతావరణాన్ని తట్టుకునే పనులకు డబ్బిచ్చే అడాప్టేషన్ ఫండ్ ఆఫీసు కూడా అక్కడే. 2010లో కాన్‌కూన్‌లో నిర్ణయించిన గ్రీన్ క్లైమేట్ ఫండ్ (జీసీఎఫ్) దక్షిణ కొరియాలోని సాంగ్‌డోలో. ప్రకృతి పరిరక్షణ సంస్థలు ఐయూసీఎన్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ రెండూ స్విట్జర్లాండ్‌లోని గ్లాండ్ అనే చిన్న ఊళ్లో. వాతావరణ మార్పు తెచ్చే నష్టానికి సాయం చేయాలని 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో ఒప్పుకున్న లాస్ అండ్ డ్యామేజ్ ఫండ్ బోర్డుకి ఫిలిప్పీన్స్ ఆతిథ్యం. ఇవి కాక ప్రపంచ బ్యాంకు దగ్గర 2008లో పెట్టిన క్లైమేట్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్స్ ఉన్నాయి. వాటి కథ తమాషాగా ఉంటుంది, కన్వెన్షన్ కింద కొత్త ఏర్పాటు పనిచేయడం మొదలెట్టగానే మూసేస్తామని రాసుకుని మరీ మొదలుపెట్టారు, ఆ కొత్త ఏర్పాటు వచ్చింది, ఇవీ ఉన్నాయి. ఈ రంగంలో ఫండ్ పుట్టడమే గానీ పోవడం ఉండదు.

ఒక్కో ఫండ్‌కి ఒక్కో ఫారం, ఒక్కో సేఫ్‌గార్డ్స్ పాలసీ (జనానికి, ప్రకృతికి హాని జరక్కుండా పెట్టే నియమాలు), ఒక్కో ఆర్థిక సంవత్సరం. వీళ్లందరినీ ఒక్క కాల్‌లోకి తేవాలనుకోండి. పసిఫిక్ ప్రాంత పర్యావరణ సంస్థ ఎస్‌పీఆర్ఈపీ ఉండే సమోవా రాజధాని అపియాలో మంగళవారం పొద్దున 8 అయితే, నైరోబీలో సోమవారం రాత్రి 10, వాషింగ్టన్‌లో చలికాలం లెక్కన సోమవారం మధ్యాహ్నం 2, సాంగ్‌డోలో మంగళవారం తెల్లవారుజాము 4. (సమోవా 2011 డిసెంబర్ చివర్లో డేట్ లైన్‌కి ఇటువైపు వచ్చేసింది, ఆస్ట్రేలియా న్యూజిలాండ్‌లతో వ్యాపారానికి వీలుగా ఉంటుందని. వాళ్లకి మంచిదే, వాషింగ్టన్‌తో కాల్ పెట్టేటప్పుడు మాత్రం రోజే మారిపోతుంది.) ఎవరో ఒకరు నిద్ర మానుకోవాలి, ఎవరు మానుకుంటారో నేను చెప్పక్కర్లేదు, డబ్బిచ్చేవాళ్లు మాత్రం కాదు.

సరే, నిద్ర సంగతి వదిలేయండి, అవతలి వైపు ఎవరున్నారో చూద్దాం. చిన్న దేశం ఒకటి అనుకోండి, పసిఫిక్‌లోని తువాలు లాంటిది, మొత్తం జనాభా పదివేల చుట్టుపక్కల. అలాంటి చోట పర్యావరణ, క్లైమేట్ శాఖ అంటే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ప్యారిస్ ఒప్పందం ప్రకారం ఐదేళ్లకోసారి ఎన్‌డీసీ, అంటే ఉద్గారాలు ఎలా తగ్గిస్తామో చెప్పే దేశ ప్రణాళిక, ఇవ్వాలి. ఏం చేశామో చూపించే కొత్త ట్రాన్స్‌పరెన్సీ రిపోర్టులు మొదటిసారి 2024 డిసెంబర్ 31కల్లా ఇవ్వాలన్నారు, చిన్న ద్వీప దేశాలకి, బాగా వెనుకబడిన దేశాలకి కొంత వెసులుబాటు ఇచ్చారనుకోండి, కానీ ఇవ్వకపోతే మళ్లీ ఫండ్ అడిగేటప్పుడు డేటా ఏదీ అంటారు. నేషనల్ అడాప్టేషన్ ప్లాన్ ఉంది. జీసీఎఫ్ ప్రాజెక్టులకు ఏటా పెర్ఫార్మెన్స్ రిపోర్టుంది. బయోడైవర్సిటీ కన్వెన్షన్‌కి వేరే, ఎడారీకరణ కన్వెన్షన్‌కి వేరే. వీటన్నిట్లో ఫోకల్ పాయింట్ (దేశం తరఫున జవాబు చెప్పే మనిషి) అనే గడిలో పేరు రాయాలి కదా, తిప్పి తిప్పి అవే రెండు మూడు పేర్లు. ఆ మనిషి ఒకరోజు సెలవు పెడితే నాలుగు అంతర్జాతీయ సంస్థల క్యాలెండర్లు ఆగిపోతాయి, అది మేం కోఆర్డినేషన్ ఛాలెంజ్ అని రిపోర్టులో రాస్తాం.

2022లో ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ ప్రకటించిన ఎర్లీ వార్నింగ్స్ ఫర్ ఆల్ సంగతి చూడండి. 2027 చివరికి భూమ్మీద ప్రతి మనిషికీ తుఫాను, వరద, వడగాలుల హెచ్చరిక ముందే అందాలి అనేది లక్ష్యం. మంచి లక్ష్యం, నేను మనస్ఫూర్తిగా నమ్మే లక్ష్యం. దాన్ని నాలుగు స్తంభాలుగా విడగొట్టారు: రిస్క్ ఎక్కడుందో తెలుసుకోవడం ఐక్యరాజ్యసమితి విపత్తుల విభాగం యూఎన్‌డీఆర్‌ఆర్‌కి, పరిశీలన, అంచనా ప్రపంచ వాతావరణ సంస్థ డబ్ల్యూఎంఓకి, హెచ్చరిక జనానికి చేరవేయడం టెలికాం సంస్థ ఐటీయూకి, జనాన్ని సిద్ధం చేయడం రెడ్ క్రాస్ ఫెడరేషన్‌కి. పై నుంచి చూస్తే పని పంపకం చక్కగా ఉంది, ఎవరి నైపుణ్యం వాళ్లది. కింద నుంచి చూడండి. చిన్న దేశంలో వాతావరణ శాఖ డైరెక్టర్ ఆ నాలుగు మీటింగుల్లోనూ కూర్చుంటాడు, నాలుగు చోట్లా అదే ప్రెజెంటేషన్ ఇస్తాడు, ఈ లోపు తన రెయిన్ గేజ్ బాగుచేయించే మనిషి దొరకడు. పైన పని పంచుకున్నాం అని మనం అనుకుంటున్నది కింద ఒకే నెత్తి మీద నాలుగు మూటలు పెట్టడమే.

ఇక లెక్కలు. క్లైమేట్ ప్రోగ్రామ్స్‌లో కోఆర్డినేటర్ చేసే అతి చిరాకు పని లబ్ధిదారుల లెక్క. ఒక తీరం ఉంది, అక్కడ మడ అడవుల ప్రాజెక్టు ఒకటి, తుఫాను హెచ్చరికల ప్రాజెక్టు ఒకటి, ఉప్పునీటిని తట్టుకునే పంటల ప్రాజెక్టు ఒకటి. మూడు డోనర్లు, ఒకే జనం. మూడు రిపోర్టుల్లోనూ అదే జనం డైరెక్ట్ బెనిఫిషియరీలు, పైగా చుట్టుపక్కల జిల్లా అంతా ఇండైరెక్ట్. ఏడాది చివర గ్లోబల్ రిపోర్టులో మూడూ కూడేస్తే ఆ తీరంలో ఉన్న జనం కన్నా మేం ఆదుకున్న జనం ఎక్కువ. కూడొద్దు అని చెప్పడం నా పని. చెప్తే కమ్యూనికేషన్స్ వాళ్లకి నచ్చదు, ఫండ్‌రైజింగ్ వాళ్లకి అస్సలు నచ్చదు, డోనర్ కూడా సంతోషించడు, ఎందుకంటే ఆయన కూడా తన పార్లమెంటుకి పెద్ద అంకె చూపించుకోవాలి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఒకే చెట్టు కార్బన్‌ని దేశం తన ఎన్‌డీసీలో చూపిస్తుంది, ప్రాజెక్టు తన రిపోర్టులో చూపిస్తుంది, సంస్థ తన 2030 లక్ష్యంలో చూపిస్తుంది. దేశాల మధ్య కార్బన్ క్రెడిట్ల అమ్మకాల్లో ఇలా జరక్కూడదని ఏళ్ల తరబడి కొట్లాడి 2021లో గ్లాస్గోలో ప్యారిస్ ఒప్పందం ఆర్టికల్ 6 నియమాలు రాసుకున్నారు, ఒకరు లెక్కలో వేసుకుంటే ఇంకొకరు తీసేయాలని. ఒక సంస్థ లోపల తన సొంత ప్రోగ్రామ్స్ మధ్య ఆ నియమం పెట్టుకున్నవాళ్లని మాత్రం నేను పెద్దగా చూడలేదు.

డబ్బు లెక్క కూడా ఇంతే. ధనిక దేశాల కూటమి ఓఈసీడీకి రియో మార్కర్లని ఒక పద్ధతుంది, ప్రాజెక్టుకి క్లైమేట్ ముఖ్య ఉద్దేశమైతే 2, ఒక ముఖ్యమైన ఉద్దేశమే గానీ అసలుది కాకపోతే 1, కాదంటే 0. ఆ 1 అనే మార్కు దగ్గరే ఆటంతా. రోడ్డు ప్రాజెక్టులో కల్వర్టు కొంచెం పెద్దది వేస్తే 1 వేసుకోవచ్చా? ఆ 1కి మొత్తం రోడ్డు డబ్బులో ఎంత శాతం క్లైమేట్ ఫైనాన్స్ అని చూపించాలో ఒక్కో దేశం ఒక్కో రకంగా నిర్ణయించుకుంటుంది. 2009లో కోపెన్‌హాగన్‌లో 2020కల్లా ఏడాదికి 100 బిలియన్ డాలర్లు అని మాటిచ్చారు, ఓఈసీడీ లెక్క ప్రకారమే అది దాటింది 2022లో. ఆ లెక్క కూడా ఒప్పుకోని వాళ్లు చాలామంది. తర్వాత 2024లో బాకూలో 2035కి ఏడాదికి 300 బిలియన్లు అన్నారు. అంకె మూడింతలైంది, ఎలా లెక్కపెట్టాలన్న గొడవ ఉన్నచోటే ఉంది.

ఇదంతా కొత్తగా కనిపెట్టిన సమస్య కూడా కాదు. 2005లో సహాయం ఎలా ఇవ్వాలనే దాని మీద ప్యారిస్ డిక్లరేషన్ అని ఒకటి చేశారు (క్లైమేట్ ప్యారిస్ వేరు, ఇది వేరు). ప్రభుత్వ శాఖలకు సమాంతరంగా ప్రాజెక్టుకొక యూనిట్ పెట్టి, అక్కడ ప్రభుత్వ జీతానికి ఎన్నో రెట్లు ఇచ్చి, శాఖలో ఉన్న మంచి ఆఫీసర్లని లాగేసుకునే పద్ధతి మానాలని, అలాంటి యూనిట్ల సంఖ్య 2010కల్లా మూడింట రెండొంతులు తగ్గించాలని అందులో రాసుకున్నారు. 2011లో లెక్క చూసుకుంటే మొత్తం 13 లక్ష్యాల్లో ప్రపంచ స్థాయిలో అందుకున్నది ఒకే ఒక్కటి, అదేంటో తెలుసా, టెక్నికల్ సహకారాన్ని కోఆర్డినేట్ చేయడం. నేను కల్పించి చెప్పట్లేదు. అంటే కోఆర్డినేషన్ బాగానే జరిగింది, మిగతావి జరగలేదు! నా ఉద్యోగం గురించి ఇంతకన్నా బాగా ఎవరూ రాయలేరు.

అయితే ఈ రంగంలో ఒక చోట మాత్రం పని కుదిరింది, దాని గురించి క్లైమేట్ వాళ్లు తగినంత మాట్లాడరని నా కంప్లైంట్. ఓజోన్. ఓజోన్ పొరని చెడగొట్టే రసాయనాల్ని ఆపడానికి చేసుకున్న 1987 మాంట్రియల్ ప్రోటోకాల్ సక్సెస్ అని అందరికీ తెలుసు, 198 పక్షాలూ ఆమోదించాయని, నియంత్రణలో పెట్టిన రసాయనాల్లో దాదాపు 99 శాతం వాడకం పోయిందని కాప్ స్పీచుల్లో వింటూనే ఉంటాం. ఎలా పోయింది అంటే సైన్సు, కంపెనీల దగ్గర ప్రత్యామ్నాయం రెడీగా ఉండటం, రాజకీయ సంకల్పం అని చెప్తారు. నిజమే, కానీ చెప్పనిది ఇంకొకటుంది. ఆ ప్రోటోకాల్ కింద 1991 నుంచి నడుస్తున్న మల్టీలేటరల్ ఫండ్, ప్రాజెక్టులతో పాటు ఇన్‌స్టిట్యూషనల్ స్ట్రెంగ్తెనింగ్ (ప్రభుత్వ శాఖల్ని బలపరచడం) అనే పద్దు కింద 140కి పైగా వర్ధమాన దేశాల్లో నేషనల్ ఓజోన్ యూనిట్లకి డబ్బిస్తూ వచ్చింది. ఒకసారి కాదు, విడతలు విడతలుగా, మూడు దశాబ్దాలకు పైగా. యూనిట్ అంటే పెద్ద భవనమేం కాదు, పర్యావరణ శాఖలో ఒకరో ఇద్దరో ముగ్గురో. వాళ్లు చేసే పని కూడా స్పీచులకి పనికొచ్చేది కాదు: దిగుమతి లైసెన్సులు, కస్టమ్స్ వాళ్లకి ట్రైనింగు, ఫ్రిజ్, ఏసీ టెక్నీషియన్ల ట్రైనింగు, ఏటా నైరోబీలోని ఓజోన్ సెక్రటేరియట్‌కి డేటా.

ఇంకా రెండు సంగతులున్నాయి. ఒకటి, అమలు చేసే సంస్థలు నాలుగున్నా, అంటే ఐక్యరాజ్యసమితి సంస్థలు యూఎన్ఈపీ, యూఎన్‌డీపీ, యూనిడో, ఇంకా ప్రపంచ బ్యాంకు, డబ్బు గురించి నిర్ణయించే కమిటీ ఒక్కటే, అందులో డబ్బిచ్చే దేశాలు 7, తీసుకునే దేశాలు 7. ఫారం ఒకటే, తేదీలు ఒకటే. రెండు, యూఎన్ఈపీలో ఓజోన్యాక్షన్ వాళ్లు ప్రాంతాలవారీగా ఓజోన్ ఆఫీసర్ల నెట్‌వర్కులు నడుపుతారు, క్రమం తప్పకుండా పక్కపక్క దేశాల ఆఫీసర్లు కలుస్తారు, ఫలానా రేవులో దొంగ సిలిండర్లు వస్తున్నాయి చూసుకో అని ఒకరికొకరు చెప్పుకుంటారు. అది మేం జూమ్‌లో పెట్టే నాలెడ్జ్ ఎక్స్చేంజ్ వెబినార్ లాంటిది కాదు, ఒకరి ఫోన్ నంబర్ ఒకరి దగ్గర ఉన్న పరిచయం, ఏళ్లు అదే సీట్లో కూర్చుంటే తప్ప అది రాదు.

ఇప్పుడు చూడండి, 2016లో కిగాలీలో ఫ్రిజ్‌లు, ఏసీల్లో వాడే హెచ్ఎఫ్‌సీ వాయువుల్ని కూడా ఈ ప్రోటోకాల్ కిందకి తెచ్చారు. హెచ్ఎఫ్‌సీలు ఓజోన్‌ని చెడగొట్టవు, భూమిని వేడెక్కిస్తాయి, కాబట్టి అది అచ్చంగా క్లైమేట్ పని. పూర్తిగా అమలైతే ఈ శతాబ్దం చివరికి అర డిగ్రీ దాకా వేడి తప్పించొచ్చని అంచనా. ఆ పని ఎవరికి అప్పజెప్పారు? కొత్త యూనిట్లు పెట్టలేదు, కొత్త ఫండ్ పెట్టలేదు. ఉన్న సీట్లలో ఉన్న మనుషులకే ఇచ్చారు. లైసెన్సుల లిస్టులో ఇంకొన్ని వాయువులు చేర్చారు. క్లైమేట్ రంగంలో ఏ కొత్త నిర్ణయం వచ్చినా కొత్త ఫెసిలిటీ, కొత్త హబ్, కొత్త పార్ట్‌నర్‌షిప్ పుట్టే అలవాటుకి ఇది ఎంత విరుద్ధమో ఆలోచించండి.

ఓజోన్‌కీ క్లైమేట్‌కీ పోలికేంటి, అది కొన్ని రసాయనాలు, కొన్ని కంపెనీలు, ఇది మొత్తం బొగ్గు, చమురు, వ్యవసాయం, రోడ్లు, ఇళ్లు అని అంటారు. ఒప్పుకుంటా. ఓజోన్ ఆఫీసర్ లాంటి మనిషి బొగ్గు గని మూయించలేడు, చమురు కంపెనీల లాబీతో తలపడలేడు, 2023లో దుబాయ్‌లో ఫాసిల్ ఇంధనాల నుంచి బయటికి రావాలి అని రాయించడానికే దాదాపు ముప్పై కాప్‌లు పట్టాయి, అది సీటు సమస్య కాదు, అధికారం సమస్య. పైగా మొత్తం క్లైమేట్‌కి ఒకే ఫండ్, ఒకే ఫారం ఇప్పట్లో రావు, ఫండ్ల సంఖ్య తగ్గించమంటే ప్రతి ఒక్కరూ పక్కవాడిదే తీసేయమంటారు. కానీ నేను అడుగుతున్నది అంత పెద్దది కాదు. పని అంత విస్తారమైనదైతే, అన్ని శాఖల్నీ కలిపేదైతే, దాన్ని ఆరు నెలల కన్సల్టెంట్లతో నడిపించొచ్చని ఎలా అనుకున్నాం? సులువైన సమస్యకి ముప్పై ఏళ్లకు పైగా జీతమిచ్చి, కష్టమైన సమస్యకి మూడేళ్ల ప్రాజెక్టు కాంట్రాక్ట్ ఇస్తున్నాం.

ఎందుకిలా అంటే తిలాపాపం తలా పిడికెడు. మా వాటా ముందు చెప్తా. మా సంస్థల్లో హెడ్ ఆఫీసు ఖర్చులు ప్రాజెక్టుల మీద వచ్చే ఓవర్‌హెడ్ (నిర్వహణ ఖర్చుల కింద తీసుకునే శాతం) మీద నడుస్తాయి, ఐరోపా సమాఖ్య అయితే మామూలుగా 7 శాతం దాకా ఒప్పుకుంటుంది, కొందరు ఎక్కువ, కొందరు తక్కువ. ప్రాజెక్టులు పెద్దవైతేనే మాకు జీతాలు. దేశంలో ఒక ప్రభుత్వ సీటుకి నేరుగా డబ్బు వెళ్తే అందులో మాకు మిగిలేది ఏమీ లేదు. ప్రభుత్వాల దగ్గరా కంపెనీల దగ్గరా డబ్బు తీసుకోని గ్రీన్‌పీస్ లాంటి వాళ్లకి ఈ బాధ లేదు, కానీ వాళ్ల పని వేరు, వాళ్లు ప్రభుత్వాల మీద ఒత్తిడి తెస్తారు, ప్రభుత్వాల్లో కూర్చోరు. అడాప్టేషన్ ఫండ్ డైరెక్ట్ యాక్సెస్, అంటే దేశాల సొంత సంస్థలకే నేరుగా డబ్బు, అని మొదలుపెట్టి 2010లో సెనెగల్ సంస్థకి మొదట గుర్తింపు ఇచ్చినప్పుడు, ఇక మధ్యవర్తుల పని అయిపోయిందని కొందరు అనుకున్నారు. అయిపోలేదు, ఎందుకంటే ఆ గుర్తింపు కోసం నింపాల్సిన కాగితాలు నింపడానికి కూడా సీటులో మనిషి కావాలి కదా.

డోనర్ల వాటా ఇంకోటి. ప్రపోజల్‌లో ప్రభుత్వ ఉద్యోగి జీతం అని లైను పెడితే వెంటనే వచ్చే ప్రశ్న, ప్రాజెక్టు అయ్యాక దీన్ని ఎవరు భరిస్తారు, సస్టైనబిలిటీ ఏది అని. న్యాయమైన ప్రశ్నే. కానీ అదే ప్రపోజల్‌లో మూడు ఇంటర్నేషనల్ కన్సల్టెంట్లు, ఒక ఇన్సెప్షన్ వర్క్‌షాప్, ఒక మిడ్-టర్మ్ రివ్యూ, ఒక వెబ్ పోర్టల్ ఉంటాయి, వాటి గురించి ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ప్రాజెక్టు అయిన మరుసటి ఏడాది ఆ పోర్టల్ తెరుచుకోదని ఈ రంగంలో ఉన్న అందరికీ తెలుసు. పోయేవాటికి డబ్బుంది, ఉండేదానికి మాత్రం అది ఎప్పటికీ ఉంటుందని గ్యారంటీ ఇవ్వమంటారు.

ప్రభుత్వాల వాటా కూడా ఉంది, దాచను. జీతం బయటి నుంచి వస్తే ఆ సీటు బడ్జెట్‌లోకి ఎప్పటికీ రాదు, బదిలీలు ఆగవు, ట్రైనింగ్ ఇచ్చిన మనిషి ఆరు నెలల్లో వేరే శాఖలో తేలతాడు. కొన్నిచోట్ల ఆ సీటు కాప్ ప్రయాణాల కోసం ఎవరికో ఇచ్చే బహుమతి కూడా అవుతుంది. అందుకే ఓజోన్ పద్ధతిలో నాకు నచ్చే సంగతి, డబ్బు విడతలుగా ఇస్తారు, ఒక్కో విడత పొడిగించాలంటే గత విడతలో ఏం చేశారో చూపించాలి, డేటా పంపారా, లైసెన్సులు నడుస్తున్నాయా అని అడుగుతారు. డిసెంబర్‌లో ఎన్ని వర్క్‌షాపులు అయ్యాయి, ఎంతమంది హాజరయ్యారు, అందులో మహిళలు ఎంతమంది అనే లెక్క కన్నా ఇది ఎంతో నయం.

ఈ లోపు మా చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి, పెద్ద సంస్కరణలేం కాదు. ఒక దేశానికి మిషన్లన్నిటికీ ఒకే క్యాలెండర్, అది ఆ దేశం ఆఫీసు చేతిలో ఉండాలి, మా చేతిలో కాదు, వాళ్లు వద్దంటే వద్దు. డోనర్లకి ముందే చెప్పి ఒకే రిపోర్టుని ఐదుగురికీ పంపడం, కొందరు ఒప్పుకుంటారు, అడిగితే ఆశ్చర్యంగా ఎక్కువమందే ఒప్పుకుంటారు, ఎవరూ అడగరు అంతే. లబ్ధిదారుల్ని ఊరి పేరుతో లెక్కపెట్టడం, ప్రాజెక్టు పేరుతో కాదు, అప్పుడు ఒకే ఊరు మూడుసార్లు కనబడితే కళ్లకి కొడుతుంది. కొత్త ప్రోగ్రామ్ ప్రతిపాదన వస్తే దీనికోసం ఏది ఆపుతారు అని అడగడం, జవాబు లేకపోతే వెనక్కి పంపడం. ఈ చివరిది చేసినప్పుడల్లా నాకు శత్రువులు పెరుగుతారు, అదొక్కటే నా పెర్ఫార్మెన్స్ ఇండికేటర్‌గా పెట్టుకుందామనుకుంటున్నా.

ఇక ప్రస్తుతానికి నా టేబుల్ మీద ఉన్న ప్రపోజల్‌లో రెండు ఇంటర్నేషనల్ కన్సల్టెంట్ పోస్టులు తీసేసి, ఆ డబ్బుతో ప్రభుత్వ శాఖలో ఇద్దరు ఆఫీసర్లకి ప్రాజెక్టు ఉన్నన్నాళ్లూ జీతం, మూడో ఏడు నుంచి ప్రభుత్వం ఏటా కొంత వాటా పెంచుకుంటూ తీసుకునేలా ఒక షెడ్యూల్ పెట్టాం. రివ్యూ నుంచి వచ్చిన కామెంట్ ఒక్క లైను, ఇది రికరెంట్ కాస్ట్ (ఏటా వచ్చే ఖర్చు), అర్హత లేదు అని. ఓజోన్ ఫండ్ ఇన్నేళ్లుగా ఇచ్చింది ఏ కాస్టో వివరిస్తూ జవాబు రాసి, ఆ లైను తీయకుండానే తిరిగి పంపాం. డోనర్ల వైపు పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ దగ్గర ఆ అర్హత నియమం ఏ పేజీలో ఉందో, దాన్ని ఎవరు మార్చగలరో కాస్త కనుక్కుని చెప్పండి.